కత్తికి ముందటి బతుకు

(ఒక పశువైద్యుని స్మృతిలో ఆయన శిష్యులు ఏర్పాటు చేసిన సభలో ఇచ్చిన ఉపన్యాసం పాఠం)



డాక్టరుగారి గురించి ఈ సభకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పాలమూరు పల్లెల్లో ఆయన చెయ్యి పడని మంద లేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ ఒక విషయం గుర్తుండే ఉంటుంది. గొర్రెకు నట్టల మందు పోసేటప్పుడు తల మరీ పైకెత్తి పడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతిని కాస్తే ఎత్తి, దవడ పక్క నుంచి నిదానంగా పోయాలి. వందల జీవాలు వరసకట్టి ఉన్నప్పుడు ఎవరికైనా తొందర పుడుతుంది. ఆయన మాత్రం ఆ తొందరను సహించేవారు కాదు. రేపు కోతకు పోయే పొట్టేలైనా సరే, ఇవాళ పొలమారకూడదన్నది ఆయన పట్టుదల. ఆయన మాంసం తినేవారు. తినొద్దని ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు ఈ ప్రశ్నే తీసుకున్నాను: మాంసం కోసం పెంచే జీవాన్ని దయగా పెంచడం వీలవుతుందా?

నా జవాబు ముందే చెప్పేస్తాను. వీలవుతుంది. కానీ ఇవాళ మనం తింటున్నంత మాంసాన్ని, ఇవాళ మనం ఇస్తున్న ధరకు, దయగా పెంచడం వీలుకాదు. ఈ రెండో మాటను దాచిపెట్టి మొదటి మాట ఒక్కటే చెబితే అది మోసం అవుతుంది.

చంపడంలో దయ ఎక్కడిదని అడిగేవాళ్లున్నారు. జైనులు వేల ఏళ్లుగా అడుగుతున్నారు. పీటర్ సింగర్ 1975లో రాసిన పుస్తకంతో పాశ్చాత్య దేశాల్లోనూ ఆ చర్చ పెద్దదైంది. ఆ వాదాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఏ జీవమూ చావును కోరుకోదు, అది మన ముందు తలవంచినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. అయితే 2014 నాటి నమూనా సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ లెక్కకు దగ్గర్లోనే ఉంది. చంపడం తప్పా ఒప్పా అన్నది తేలేదాకా, ఆ జీవాలు ఎలా బతుకుతున్నాయో చూడకుండా ఆగడం కుదరదు. చూడాల్సిన మొదటివాళ్లం పశువైద్యులమే.

ముందు గొర్రె సంగతి. 2019 పశుగణనలో తెలంగాణలో కోటీ 90 లక్షలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో కోటీ 75 లక్షలకు పైగా గొర్రెలున్నాయి. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఈ గొర్రెల్లో చాలావరకు ఇంకా మందల్లోనే బతుకుతున్నాయి. పగలు బీళ్లలో, కోతలైన చేలల్లో, చెరువు శిఖంలో మేస్తాయి. రాత్రి రైతు పొలంలో మంద కడితే పొలానికి ఎరువు, కాపరికి గింజలో, డబ్బులో దక్కుతాయి. పిల్ల తల్లి వెంట తిరుగుతుంది. కాపరికి ఏ గొర్రె ఏ ఈతలో పుట్టిందో తెలుసు. ఇదంతా సుఖమని నేననను. వానాకాలంలో నీలినాలుక వస్తుంది, లేతగడ్డి మొలిచే రోజుల్లో చిటుకు రోగం వస్తుంది, కుక్కలు పడతాయి, ఎండాకాలంలో డొక్కలు లోపలికి పోతాయి. బీళ్లు ప్లాట్లవుతున్నాయి, కాపరి కొడుకు మంద వెంట పోవడం లేదు. అయినా ఆ గొర్రె తన కాళ్ల మీద నడిచి, తనకు తోచింది మేసి, తన తోటివాటి మధ్య పడుకుంటుంది. దాని ఒళ్లు దాని బతుకును మోయగలదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కోడి దగ్గరికి వచ్చాక దీని అవసరం పడుతుంది.

గొర్రెకు అన్యాయం జరిగేది చివరి రెండు రోజుల్లో. సంతలో కాళ్లు కట్టి పడేస్తారు. లారీకి రెండంతస్తులు వేసి, తల ఎత్తే వీలు లేకుండా కుక్కుతారు. కింది అంతస్తులోవాటి మీద పైవాటి మూత్రం పడుతుంది. తోవలో నీళ్లుండవు. 1978 నాటి పశు రవాణా నిబంధనల్లో ఒక్కో జీవానికి ఎంత జాగా ఉండాలో రాసే ఉంది. ఆ కొలత పట్టుకుని లారీ దగ్గర నిలబడిన అధికారిని మీలో ఎవరైనా చూశారా? 2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు, ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ ఒక యూనిట్టుగా, పొరుగు రాష్ట్రాల నుంచి లక్షల జీవాలు దిగాయి. ప్రయాణం గొర్రెను ఎంత నలుపుతుందో ఆ రోజుల్లో డ్యూటీ చేసిన ప్రతి డాక్టరుకూ తెలుసు.

వధశాలలో మాంసం తనిఖీ చేసేవాళ్లకు ఇంకోటి కూడా తెలుసు. బెదిరి, దాహంతో, నిలబడే ప్రయాణం చేసి వచ్చిన జీవం కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ అయిపోతుంది. కోసిన తరవాత ఆ కండలో పుల్లదనం తగినంత పుట్టదు. మాంసం నల్లగా, బిరుసుగా ఉంటుంది, త్వరగా పాడవుతుంది. ఆ జీవం చివరి రోజు ఎలా గడిచిందో మాంసం చూసి చెప్పొచ్చు. దయ కోసం కాకపోయినా సరుకు కోసమైనా గొర్రెకు నీడ, నీళ్లు, విశ్రాంతి ఇవ్వాలని ఎన్నోసార్లు చెబుతూ వచ్చాం. 2001 నాటి వధశాలల నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. తనిఖీ అయిన జీవానికి కోతకు ముందు 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఒక డాక్టరు గంటకు పన్నెండుకు మించి జీవాలను పరీక్షించకూడదు. చూడిదాన్ని కోయకూడదు. ఒక జీవం చూస్తుండగా మరో జీవాన్ని కోయకూడదు.

ఈ చివరి నియమం కొత్తదేమీ కాదు. హలాల్ కోత తెలిసిన పెద్దలను అడగండి. కత్తి బాగా పదునుండాలి, ఆ పదును జీవం కళ్ల ముందు పెట్టకూడదు, ఒకదాని ముందు ఇంకోదాన్ని కోయకూడదు, ముందు నీళ్లు పట్టాలి. అది వాళ్ల ధర్మం. మన రెండు రాష్ట్రాల్లో హిందువులు తినే మటన్‌లోనూ చాలాభాగం ఆ చేతుల మీదుగానే వస్తుంది. ఈ విషయంలో మతం పేరు పెట్టి కొట్లాడేవాళ్లు ఆ నియమాలు ఎక్కడ పాటిస్తున్నారో, ఎక్కడ హడావిడిలో వదిలేస్తున్నారో ఒక్క తెల్లవారుజామున వెళ్లి చూస్తే బాగుండు. ముందే స్పృహ తప్పించడం జీవానికి మేలని నేను నమ్ముతాను. అది అమలయ్యేదాకా పదునైన కత్తి, చాటు, నీళ్లు అనే మూడూ ఇవాళే ఇవ్వొచ్చు. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ పశువుల కంటి ఎత్తుకు వంగి చూసి, అవి ఎక్కడ జంకుతున్నాయో కనిపెట్టి, వధశాలల దారులను ఒంపుగా మార్పించారు. గొలుసు మెరుపు, నేల మీద నీడ, గట్టిగా అరిచే మనిషి లాంటి చిన్న విషయాలే పశువును భయపెడతాయని ఆమె చూపించారు. వాటిని తప్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కాబట్టి గొర్రె విషయంలో నేను ఆశతోనే ఉన్నాను. బతుకు బాగానే ఉంది, చివరి రెండు రోజులు చెడ్డవి, వాటిని బాగుచేయడం మన చేతుల్లో ఉంది.

కోడి విషయంలో ఆ ఆశ లేదు.

బ్రాయిలర్ గురించి బయట తిరిగే మాటల్లో అబద్ధాలు చాలా ఉన్నాయి. దానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారంటారు. ఇవ్వరు, అవసరమే లేదు. దాని ఎదుగుదల పుట్టుకలోనే ఉంది. 40 గ్రాములుండే రోజు పిల్ల దాదాపు 40 రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది. కెనడాలో అల్బర్టా విశ్వవిద్యాలయంవారు ఒక ప్రయోగం చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. 1957 నాటి జాతిని, 1978 నాటి జాతిని, 2005 నాటి జాతిని ఒకేచోట, ఒకే మేతతో పెంచారు. 56 రోజులకు మొదటిది 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగాయి. మేత అదే, రోజులు అవే. మారింది కోడి. దాదాపు యాభై ఏళ్లలో మనిషి ఆ పక్షి రొమ్ము కండను పెంచుకుంటూ పోయాడు. ఎముకలూ గుండే ఊపిరితిత్తులూ ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. కాళ్లు వంకరపోతాయి. కడుపులో నీరు చేరుతుంది. బాగా తిన్న కోడి ఉన్నట్టుండి వెల్లకిలా పడి చచ్చిపోతుంది. ఆఖరి వారంలో షెడ్డులోకి వెళ్లి నిలబడితే ఎక్కువ కోళ్లు కూచునే ఉంటాయి. ఎండవల్లో, తిండి ఎక్కువయ్యో అనుకుంటారు. చాలావాటికి నిలబడటమే కష్టం.

గొర్రె ఒళ్లు దాని బతుకును మోయగలదన్నాను. ఈ కోడి ఒళ్లు మోయలేదు. ఇక్కడ దయ చూపించాల్సింది ఎవరు? రైతు ఎంత మంచివాడైనా కానివ్వండి, వరిపొట్టు రోజూ తిరగేసి పొడిగా ఉంచనివ్వండి, రాత్రి లేచి బ్రూడింగ్ బల్బులు చూసుకోనివ్వండి, గుడ్డులోంచే కోడి వెంట వచ్చిన బాధను అతను తీసెయ్యలేడు.

ఇంకోటి చెబుతాను. మనం తినే బ్రాయిలర్‌కు తల్లీతండ్రీ వేరే ఫారంలో ఉంటాయి, పేరెంట్ స్టాక్ అంటారు. పిల్లకు విపరీతమైన ఆకలినీ, విపరీతమైన ఎదుగుదలనూ ఇచ్చిన జన్యువులే తల్లిలోనూ ఉంటాయి. కానీ తల్లి 40 రోజులకు పోయేది కాదు. అది ఏడాదికి పైగా బతకాలి, గుడ్లు పెట్టాలి. దానికి కడుపునిండా మేత పెడితే ఒళ్లు పెరిగి, కాళ్లు పడిపోయి, గుడ్లు తగ్గి, చచ్చిపోతుంది. అందుకని ఎదిగే వయసులో అది తినగలిగినదాంట్లో సగం కూడా పెట్టరు. కొన్ని ఫారాల్లో రోజు విడిచి రోజు పెడతారు. ఖాళీ తొట్టిని పొడుస్తూ, ఆకలిని నీళ్లతో నింపుకుంటూ, అటూ ఇటూ తిరుగుతూ ఆ తల్లులు ఆ నెలలు గడుపుతాయి. మేత పెడితే జబ్బు, పెట్టకపోతే ఆకలి. మూడో దారి లేదు. ఆ ఫారం మేనేజరును తిట్టి లాభం లేదు. ఆ జాతిని ఉంచుకున్నంతకాలం ఎవరొచ్చినా చేసేది అదే. నేను ఈ రంగంలో చూసినవాటన్నిటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. బిడ్డ త్వరగా బలవాలని తల్లిని నెలల తరబడి ఆకలితో ఉంచడం ఎవరు చేసినా తప్పే.

రూత్ హారిసన్ అనే ఆవిడ 1964లో ఇంగ్లండులో యంత్రాల్లా మార్చిన పశువుల మీద పుస్తకం రాసినప్పుడు అక్కడి ప్రజలు ఉలిక్కిపడ్డారు. ప్రభుత్వం బ్రాంబెల్ అనే జంతుశాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో ఒక కమిటీ వేసింది. పశువుకు లేచి నిలబడే, పడుకునే, వెనక్కి తిరిగే, ఒళ్లు శుభ్రం చేసుకునే, కాళ్లూ రెక్కలూ చాచుకునే వీలుండాలని ఆ కమిటీ 1965లో చెప్పింది. ఆకలి దప్పులు, అసౌకర్యం, నొప్పి, జబ్బు, భయం లేకుండా, తన సహజ నడవడికకు వీలుగా బతకడం అనే అయిదు స్వేచ్ఛల సూత్రం ఆ తరవాత అందులోంచే పుట్టింది. మన సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు కేసు తీర్పులో ఆ అయిదింటినీ ప్రస్తావించింది. ఆ తరంవాళ్ల కళ్లకు ముందుగా కనపడింది బోను. దాన్ని కొలవొచ్చు, నిషేధించొచ్చు. యూరోప్‌లో గుడ్ల కోళ్లకు పాత బోన్లు 2012 నుంచి లేవు కూడా. మన బ్రాయిలర్‌కు బోను లేదు. నేల మీదే తిరుగుతుంది. దాన్ని కట్టిపడేసేది దాని ఒళ్లే. చట్టానికి అది కనపడదు.

మన చట్టం గురించి కూడా ఒక మాట. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం గొప్పదే. కానీ ఆహారం కోసం చంపేటప్పుడు అనవసరమైన బాధ కలిగిస్తే తప్ప తప్పు కాదని అందులోనే ఉంది. అనవసరమంటే ఏది? నలభై రోజుల కోడి లాభసాటి అయినప్పుడు, ఆ లాభానికి కావాల్సిన బాధ అవసరమైనదైపోతుంది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికలో గుడ్ల కోళ్ల, బ్రాయిలర్ల పెంపకానికీ రవాణాకూ నిబంధనల ముసాయిదా ఇచ్చింది. అందులోనూ జాగా, గాలి, వెలుతురు ఉన్నాయి. జాతి మాట బలంగా లేదు.

జాగా అన్నాను కాబట్టి నిజం చెప్పాలి. మన తెరిచిన షెడ్లలో కోడికి చదరపు అడుగు లెక్క. చదరపు మీటరుకు సుమారు 24 కిలోల కోడి పడుతుంది. యూరోప్ 2007 ఆదేశంలో మామూలు హద్దే 33 కిలోలు. ఇరుకు విషయంలో మనవాళ్లు వాళ్లకంటే చెడ్డవాళ్లు కారు. తేడా ఎండలో ఉంది. అంతకంటే ఎక్కువ కోళ్లు పెట్టుకునే షెడ్లలో, బయట నీడలో 30 డిగ్రీలు దాటితే, లోపలి వేడి బయటికంటే 3 డిగ్రీలకు మించి పెరగకూడదని ఆ ఆదేశంలోనే ఉంది. మనకు మే నెలలో నీడలోనే 42, 43. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి చెమట పట్టదు, రొప్పడం తప్ప దారి లేదు. రైతు గోనెపట్టాలు తడిపి కడతాడు, కప్పు మీద గడ్డి పరచి నీళ్లు చల్లుతాడు, ఫాగర్లు పెడతాడు, పగలు మేత ఎత్తేస్తాడు. అయినా మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోతే సాయంత్రానికి గుట్టలుగా ఎత్తి పారబోయాల్సి వస్తుంది. ఇక్కడున్న రైతులకు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. నాటుకోడి అదే ఎండలో చింతచెట్టు కింద మట్టిలో పొర్లి బతికిపోతుంది.

ఆ రైతు చేతిలో ఏముందో కూడా చూడండి. ఇంటిగ్రేషన్‌లో, అంటే కంపెనీతో కాంట్రాక్టు పద్ధతిలో, కోడిపిల్ల కంపెనీది, ఫీడు కంపెనీది, మందు కంపెనీది. ఏ రోజు లిఫ్టింగో, అంటే కోళ్లను ఎత్తుకుపోయేదో, కంపెనీ చెబుతుంది. రైతుది షెడ్డు, కరెంటు బిల్లు, ఇంటిల్లిపాది చాకిరీ. కిలోకు ఇంతని గ్రోయింగ్ చార్జీ ఇస్తారు, మోర్టాలిటీ పెరిగినా, తిన్న ఫీడుకు బరువు రాకపోయినా అందులో కోత పడుతుంది. కోడికి కాస్త ఎక్కువ చోటిద్దామనుకున్న రైతు ఆ బ్యాచ్‌లో అప్పు కట్టలేడు. కాబట్టి దయ గురించి ఉపన్యాసాలు షెడ్డు ముందు నిలబడి ఇవ్వొద్దు. పిల్లను ఎంచేవాడి దగ్గర, ధర కట్టేవాడి దగ్గర, తినేవాడి దగ్గర మాట్లాడాలి.

వేరే కోడి ఉందా? ఉంది. ఫ్రాన్సులో లాబెల్ రూజ్ గుర్తు ఉన్న కోడి నిదానంగా పెరిగే జాతి. బయట తిరుగుతుంది, కనీసం 81 రోజులు నిండకుండా దాన్ని కోయకూడదు. మన రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి జాతులను పెరటి పెంపకానికి తయారుచేసింది. వాటికి మన ఎండ తెలుసు, కాళ్లు గట్టివి. అయితే అవి నిదానంగా పెరుగుతాయి, కిలో మాంసానికి ఎక్కువ మేత తింటాయి. ఎక్కువ మేతంటే ఎక్కువ మొక్కజొన్న, ఎక్కువ నేల, ఎక్కువ ధర. దయగా పెంచిన కోడి పర్యావరణానికి కూడా మేలే చేస్తుందని చెప్పేవాళ్లను నమ్మకండి. అంతే మాంసం తింటే చేయదు, తగ్గించి తింటేనే చేస్తుంది.

ధర పెరిగితే పేదవాడి పళ్లెంలో ఆదివారం ముక్క పోతుందన్నది బలమైన అభ్యంతరం. నేను దాన్ని పక్కన పెట్టను. కూలి చేసే ఇంట్లో పిల్లలకు వారానికోసారి దొరికే కోడికూర మీద మనమెవరం తీర్పు చెప్పడానికి? కానీ చికెన్ వాడకం పెరిగింది ఆ ఇంట్లో ఒక్కచోటే కాదు. రోజూ రెండుపూటలా బిర్యానీ తెప్పించుకునే నగరంలో పెరిగింది. బఫేల్లో, ఆరు రకాల మాంసం వడ్డించి సగం విస్తట్లోనే వదిలేసే పెళ్లిళ్లలో పెరిగింది. మటన్, చికెన్, చేపలు, రొయ్యలు అన్నీ పెట్టకపోతే పరువు పోతుందనుకునే మన విందుల్లో ఎన్ని ప్రాణాలు ఊరికే పారబోస్తున్నామో వంటవాళ్లను అడిగితే చెబుతారు. తగ్గించడం అక్కడ మొదలవ్వాలి. గుడ్డునూ పప్పునూ పేద ఇంటికి చవగ్గా అందించే పని ప్రభుత్వానిది. దాన్ని ఆకలితో ఉన్న తల్లికోడి మీద పెట్టకూడదు.

ఇక చేయగలిగిన పని. జాతిని రేపటికి రేపు మార్చలేం. కానీ కొన్ని షెడ్లలో శ్రీనిధి లాంటి జాతిని కాంట్రాక్టు పద్ధతిలోనే పెంచి, రైతుకు నష్టం రాకుండా కిలోకు ఎంత గిట్టుబాటు కావాలో లెక్క తీయొచ్చు. ఆ లెక్క ఎవరి దగ్గరా సరిగ్గా లేదు, అందుకే వాదనలన్నీ గాలిలో ఉన్నాయి. లిఫ్టింగ్ రాత్రిపూట జరుగుతుంది. కూలీలు కోళ్లను కాళ్లు పట్టి, చేతికి నాలుగైదు చొప్పున తలకిందులుగా మోసి డబ్బాల్లోకి తోస్తారు. రెక్కలు విరిగేది, తొడ కీళ్లు తప్పేది అక్కడే. వాళ్లకు లోడు లెక్కన కూలి ఇస్తారు, తొందర వాళ్ల తప్పు కాదు. గంటల లెక్కన ఇచ్చి చూస్తే విరిగిన రెక్కలు ఎన్ని తగ్గుతాయో ఒక వేసవిలో తేల్చొచ్చు. తమ షెడ్లలోకి వచ్చి లెక్క రాసుకోవడానికి ఇద్దరు ముగ్గురు రైతులు సభకు ముందే నాతో ఒప్పుకున్నారు. మూడో సంవత్సరం, నాలుగో సంవత్సరం విద్యార్థులను ఆ రాత్రులకు పంపమని కళాశాల పెద్దలను ఈ వేదిక మీంచే అడుగుతున్నాను. మార్చి నెలాఖరు బ్యాచ్‌ల లిఫ్టింగ్‌కల్లా నమూనా పట్టిక తయారుచేసి ఇచ్చే బాధ్యత నాది.